ఎక్స్‌రేలో నల్లగీత

పన్నెండేళ్ల కిందట నాకు తుంటి కీలు మార్చారు. ఏడాదిగా కుర్చీలోంచి లేచి అడుగేస్తే చాలు, తొడలో ఒకటే పోటు. "వాతం" అని తేల్చేశారు మావారు. "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అంది ద్రాక్షారామంలో ఉండే మా ఆడపడుచు.

మొన్న రాజమండ్రిలో డాక్టరుగారు పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టారు. ఎముకకీ అందులోని రాడ్డుకీ మధ్య నల్లటి గీత! "పట్టు వదిలి లూజయిందండి. మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి" అన్నారాయన.

మావారి మొహం పాలిపోయింది. నాకు మాత్రం గంతులేయాలనిపించింది. "చూశారా! నే చెబితే విన్నారా?" అని గది అదిరేలా అరిచాను.

ఫిల్మ్ ఒళ్లో పెట్టుకుని కారెక్కాను.

"ఇంటికేగా?" అన్నారు మావారు నీరసంగా.

"ఇంటికెందుకండీ? ముందు ద్రాక్షారామం పోనివ్వండి. మీ చెల్లెలు భోజనానికి కూర్చోకముందే చూపించాలి!"