ఆదివారం ఏం చేస్తారు?

ఆ పిల్ల పేరు అడగలేదు గానీ, మాటలు మాత్రం మరిచిపోలేదు. కోట ఊళ్లో నెల్లూరు బస్సెక్కితే నా పక్క సీట్లో కూర్చుని ఏదో గొణుక్కుంటోంది. జపాను భాషంట. అక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి ఆ రోజే నెల్లూరులో ఇంటర్వ్యూ.

"పోయినసారి ఇంటర్వ్యూలో, ఆదివారం ఏం చేస్తావని అడిగినారక్కా. వంట చేస్తానని చెప్పి ఊరుకున్నా. మాట కలపడం రాదని పంపించేసినారు."

"తిన్నావా అని నేనడిగితే ఏమంటావు?"

"తిన్నా, నువ్వు తిన్నావా అక్కా అంటా."

"మరి వాళ్లనెందుకు అడగలేదు పాపా? జపానోళ్లకు ఆదివారం రాదా?"

"పెద్దోళ్లను తిరిగి అడగొచ్చో లేదోనని..."

"నన్ను అడుగు, చూద్దాం."

జపాను భాషలోనే అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చేపల పులుసు మొదలుకొని నా ఆదివారమంతా చెప్పాను. పకపకా నవ్వింది. నెల్లూరు దాకా అదే పని.

దిగేటప్పుడు కండక్టరు దగ్గర ఆగి, "ఆదివారం ఏం చేస్తావన్నా?" అంది.

"డ్యూటీనే తల్లీ. నువ్వో?"

"జపాన్ పోవడానికి పెట్టె సర్దుకుంటా!" అని దిగిపోయింది.