నేను ఎత్తుకుపోని బర్రె

నేను దొంగతనం చేసింది ఐదు బర్రెలను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నా గురించి విన్నవాళ్ళలో చాలామంది యాభై అనుకుంటున్నారు. వాళ్ళకు యాభై అని చెప్పింది కూడా నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. కొన్నాళ్ళు మా పాస్టరు అయ్యగారి మీద, కొన్నాళ్ళు మా ఊరి మీద మండిపడ్డాను. అసలు మండిపడాల్సింది నా నాలుక మీద.

మాది ఉదయగిరి కొండ కింద ఒక పల్లె. ఇరవై దాటిన వయసులో, పని చేయడానికి ఒళ్ళు వంగక, దొంగతనం మొదలుపెట్టాను. అదీ పట్టపగలే. ఊరంతా ఉపాధి పనికి పోయి మట్టి తవ్వుతున్న వేళ కొండవార మేసే గొడ్లకు కాపలా ఉండదు. తువ్వాలులో పిడికెడు తవుడు మూటగట్టుకుని పోయేవాణ్ణి. తవుడు చూపించి బర్రెను దగ్గరికి పిలిచి, మెడలో గంట విప్పి పొదలో పారేసేవాణ్ణి. రోడ్డు ఎక్కీ ఎక్కగానే దాన్ని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టేవాణ్ణి. పొద్దున్నించీ నీ వెనకాలే తిరుగుతున్నా, ఇంటికి పద నీ పని చెప్తా అని కట్టె ఝళిపించేవాణ్ణి. దొంగ అయినవాడు బర్రెను బతిమాలి తోలుకుపోతాడు గానీ తిడతాడా? సొంత గొడ్డునే ఎవడైనా అంత విసుక్కునేది. ఎదురొచ్చినవాళ్ళు పాపం అనుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆ నటన నాకు బాగా అబ్బింది. తరవాత అదే నా కొంప ముంచింది.

ఐదో బర్రెను కొన్న దళారి పోలీసులకు దొరికి, నన్ను చూపించాడు. జైలుకు పోయాను. మా అమ్మ నన్ను చూడడానికి వచ్చేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. ఒకే ఒక్కసారి అంది.

"ఆ ఇండ్లల్లో బిడ్డలకి ఇప్పుడు ఏం పాలు పోస్తా ఉండారో నాయనా."

దొంగతనం మానింది ఆ మాటకే. జైలుకు భయపడి కాదు, పోలీసుల దెబ్బలకు కాదు. బయటికొచ్చాక సోమశిల కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను. ఆత్మకూరులో ఒకాయన ఆటో తోలే పని పాస్టరు అయ్యగారే ఇప్పించారు. ఆ మేలు నేను మరిచిపోలేదు. అందుకే తరవాత జరిగినదానికి ఆయన్ను పూర్తిగా తిట్టలేకపోతున్నాను, తిట్టకుండానూ ఉండలేకపోతున్నాను.

మా గుళ్ళో మారుమనసు పొందినవాళ్ళు అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. మొదటిసారి నేను చెప్పింది రెండు నిమిషాలు. ఐదు బర్రెలు ఎత్తుకుపోయాను, జైలుకు పోయాను, తప్పు తెలుసుకున్నాను. అంతే, కూర్చున్నాను. జనం కూడా కూర్చునే ఉన్నారు. ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"బాగుండాది తమ్ముడూ, కానీ జనం కదల్లా. నీ పాపం ఎంత పెద్దదైతే దేవుడి కృప అంత పెద్దదిగా కనపడతాది."

కలిగిరి సువార్త మీటింగుకు ఐదు బర్రెలు పదిహేను అయ్యాయి. ఆ తరవాత ముప్పై. చివరికి యాభై దగ్గర ఆగాయి. నా చేతికి ఒక కత్తి కూడా వచ్చింది. ఉల్లిగడ్డలు కోయడానికి తప్ప నేను జన్మలో కత్తి పట్టలేదు. ఊళ్ళ పేర్లు చెబితే జనం ఇంకా నమ్ముతున్నారని గమనించి, కలిగిరి, అనంతసాగరం, అనుమసముద్రంపేట అని బస్సు కండక్టరులాగా వరసబెట్టి చదివేవాణ్ణి. ఆ ఊళ్ళలో నేను ఒక్క దూడను కూడా ముట్టుకోలేదు. ఎక్కడ గొంతు వణకాలో, ఎక్కడ ఆగి నీళ్ళు తాగాలో కూడా నేర్చుకున్నాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవాళ్ళు. నాకు అది ఇష్టంగా ఉండేది. ఆ మాట దాచను.

అంతమంది ఏడ్చారు గదా, వాళ్ళలో ఒక్కరైనా నన్ను తమ గొడ్ల పాక దగ్గరికి రానిచ్చారా? మీటింగులో నన్ను కావిలించుకుని కన్నీళ్ళు పెట్టుకున్న మా ఊరి పెద్దమనిషి, మర్నాడు నేను ఆయన కంచె పక్కన నిలబడి బీడీ ముట్టించుకుంటుంటే, గబగబా వచ్చి బర్రెను విప్పి ఇంటి వెనక కట్టేసుకున్నాడు. మైకు ముందు నేను మారినవాణ్ణి. పాక ముందు దొంగనే. ఆ రోజంతా పళ్ళు నూరుకుంటూ ఆటో తోలాను. యాభై బర్రెల దొంగనని ఊరూరా చాటుకున్నది నేనే అన్న సంగతి మాత్రం అప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఒకరోజు పొద్దున ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటో పెట్టుకుని ఉంటే ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. యాభై అయిదేళ్ళు ఉంటాయి. చేతిలో అరటిపండ్ల కవరు. మీటింగులో సాక్ష్యం చెప్పింది నువ్వే గదా అని అడిగి, అవునంటే ఆ కవరు నా చేతిలో పెట్టింది.

"అనంతసాగరంలో నువ్వు తోలుకపోయిన బర్రె మాదే అబ్బయా."

ఆమె తిట్టడానికి రాలేదు. ఆ బర్రెను మేపింది ఆమె తమ్ముడట. పెళ్ళీ పెటాకులూ లేక అక్క దగ్గరే ఉండేవాడు. బర్రె పోయిన రోజు వాడే అమ్ముకున్నాడని ఊరంతా అంది, ఆమె కూడా అంది. వాడు బైబిల్ మీద చెయ్యి పెట్టి తాను కాదన్నాడు. ఆమె నమ్మలేదు. వాడి ట్రంకుపెట్టెను వీధిలోకి విసిరేసింది. ఆరేళ్ళుగా వాడు కలిగిరిలో ఒక దాణా అంగట్లో బస్తాలు మోస్తున్నాడు, అక్క గడప తొక్కలేదు. నా సాక్ష్యం విన్న దగ్గర్నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. తమ్ముడి దగ్గరికి పోతే వాడు మొహం తిప్పుకున్నాడట. ఇప్పుడు నేను వచ్చి, నేనే ఎత్తుకుపోయానని ఒక్క మాట చెప్పాలి. ఇంకేమీ అడగనంది.

తన బర్రెను ఎత్తుకుపోయినవాడికి పండ్లు తెచ్చిన మనిషి ఆమె. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను చెప్పుతో కొట్టవేం తల్లీ అని అరవాలనిపించింది. అరవలేదు. ఆటోలో ఎక్కించుకుని కలిగిరి బయలుదేరాను. అబద్ధం చెప్పేద్దామనే బయలుదేరాను. యాభై చెప్పినవాడికి ఇంకొకటి బరువా? దాంతో అక్కా తమ్ముళ్ళు కలిస్తే ఎవరికి నష్టం? దారి పొడుగునా గొంతు ఎక్కడ వణకాలో చూసుకున్నాను.

మేం వెళ్ళేసరికి ఆ తమ్ముడు అంగడి ముందు బస్తా భుజానికి ఎత్తుకుంటున్నాడు. ఆమె నన్ను చూపించి, ఈ అబ్బాయేరా అంది. అతను బస్తా దించాడు. నా వైపు ఒక్కసారే చూశాడు. మాట్లాడింది అక్కతోనే.

"నేను బైబిలు పట్టుకోని చెప్తే నమ్మలా. ఈడు మైకు పట్టుకోని చెప్తే నమ్మినావు. నేను దొంగను గాదని నీకు దొంగ వచ్చి చెప్పాల్నా అక్కా?"

అతని భుజం మీద బస్తాల రాపిడికి చొక్కా చిరిగి, తోలు కాయ కాసి ఉంది. ఆ మనిషి ముందు నటించడానికి సిగ్గేసింది.

"అన్నా, మీ బర్రె సంగతి నాకు తెలవదు," అన్నాను. "ఆ రోజుల్లో మీ ఊరి మొహం గూడా చూళ్ళేదు. మీటింగులో చెప్పిందంతా అబద్ధం."

ఆమె అంగడి అరుగు మీద కూలబడింది. అతను నన్ను కొడతాడనుకున్నాను. నా వైపు తిరగను కూడా లేదు.

"ఇన్నావు గదా. మరి ఇప్పుడు చెప్పు. మళ్ళా నేనేనా?"

అంగడి యజమాని కూడా కాటా దగ్గర పని ఆపేసి చూస్తున్నాడు. ఆమె తలెత్తింది.

"నువ్వు గాదు."

"ఎట్ట తెలుసు?"

"తెలవదు. నువ్వు గాదు, అంతే."

అతను లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అక్క చేతికి ఇచ్చాడు. నన్ను ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. ఒక్కణ్ణే ఆత్మకూరు తిరిగొచ్చాను. అరటిపండ్లు ఆటో సీటు మీదే ఉన్నాయి. వాటిని తినలేకపోయాను, పారేయనూ లేకపోయాను.

ఆ ఆదివారం సాయంత్రం ఉదయగిరిలో మీటింగు. మైకు తీసుకుని, ఐదు బర్రెలు, కత్తి లేదు, మిగతాదంతా కల్పించి చెప్పాను అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతుంటే వెనక కీబోర్డు మోగింది, పాట ఎత్తుకున్నారు. నా సాక్ష్యం విని ఎంతమంది తాగుడు మానుకున్నారో తెలుసా, వాళ్ళ విశ్వాసం ఇప్పుడు ఏం కావాలని అయ్యగారు మండిపడ్డారు. ఆ పాపం పెద్దది కావాలన్నది మీరే గదా అని నేనూ మండిపడ్డాను. మళ్ళీ నన్ను ఏ మీటింగుకూ పిలవలేదు.

ఆయన మీద కోపం చల్లారాక అసలు సంగతి తలకెక్కింది. ఇన్నేళ్ళు ముక్కూ మొహం తెలియని వేలమంది ముందు ఏడ్చాను గానీ, ఆ ఐదు ఇళ్ళలో ఒక్క ఇంటికి పోలేదు. ఐదు ఇళ్ళూ నాకు తెలుసు. రెండు మా ఊరి పక్కనే ఉన్నాయి. పోవడానికి అరగంట పట్టదు. ఏళ్ళ తరబడి నాకు ఆ అరగంట దొరకలేదు.

పోయిన వారం మొదటి ఇంటికి వెళ్ళాను. స్కూలు యూనిఫారంలో ఉన్న అమ్మాయి తలుపు తీసింది. నేను బర్రెను తోలుకుపోయిన నాటికి పాలు తాగే వయసు అయి ఉంటుంది. ఎవరు కావాలండీ అని మర్యాదగా అడిగింది. వణకాల్సిన అవసరం లేనిచోట నా గొంతు వణికింది.

"మీ బర్రెను ఎత్తుకపోయినోణ్ణి అమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి లోపలికి పోయి వాళ్ళ అమ్మను పిలిచింది. ఆమె వచ్చి నన్ను ఎగాదిగా చూసి, కాలి చెప్పు తీసి రెండు దెబ్బలు కొట్టింది. నేను కదల్లేదు. యాభై బర్రెల సాక్ష్యానికి నన్ను ఎవరూ కొట్టలేదు.

ఇంకా నాలుగు ఇళ్ళు ఉన్నాయి.