తాలీం గోడ మీద పాలచెంబు

బలం గొంతులోంచి లోపలికి పోతదని నేను చాన ఏండ్లు నమ్మిన. ఎంత తాగితె అంత బలం, ఎంత బలముంటె అంత గెలుపు. ఇంత సక్కటి లెక్క ఎట్ల తప్పుతదని ధీమాగ తిరిగిన మొద్దును. ఈ మాట ఇప్పుడెందుకంటె, పొద్దున మా మనవడు వంటింట్ల ప్రొటీన్ పొడి డబ్బా మూత తీసిండు. పాలపొడీ ఐస్‌క్రీమూ కలిసిన ఒక తియ్యటి వాసన ఇల్లంత నిండింది. వాడు జిమ్ముకు పోయొచ్చి, ఆ పొడిని సీసల వేసి గలగల ఊపుకుంట, అద్దంల తన జబ్బలు తనే చూసుకుని మురుస్తుండు. హాల్ల కుర్చీల కూర్చున్న మా సరోజక్క వాణ్ని చూసి, నన్ను చూసి, "నీకు గూడ మీ తాత బుద్ధే వచ్చిందార?" అని నవ్వింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచి అక్క కరీంనగర్‌ల మా ఇంట్లనే ఉంటుంది. అందరు నవ్విన్రు. నాకు మాత్రం నవ్వు రాలే. ఆ డబ్బా వాసన వెనకనుంచి నాకు ఇంకో వాసన వచ్చింది.

అది మట్టి వాసన. మామూలు మట్టి కాదు, పసుపు, నూనె, పుల్ల మజ్జిగ పోసి కలిపిన ఎర్రమట్టి. మంచిర్యాల దిక్కు ఒక బొగ్గుబాయి కాలనీల మా క్వార్టర్ ఉండేది. డెబ్బయ్యో దశకం మొదట్ల, ఆ క్వార్టర్ల వరుసల వెనక రేకుల షెడ్డు కింద ఒక తాలీం నడిచేది. తాలీం అంటె మా దిక్కు కుస్తీ నేర్పే జాగ. నడుమ మట్టిగుంత, గోడకు సింధూరం పూసిన హనుమంతుడు, మూలకు మోపెడు బరువున్న కట్టె ముద్గరాలు, దండేనికి ఆరేసిన లంగోటీలు. బాపు బాయిల దిగి బొగ్గు కొట్టేటోడు. పెండ్లికి ముందు జాతర కుస్తీలల్ల వెండి కడియం ఇచ్చే ఆఖరు జోడు, అంటె ఆఖరు పోటీ, దాక పోయి ఓడిపోయిండట. ఎందుకు ఓడినవు బాపూ అని అడిగితె ఆయన చెప్పే కారణం ఒక్కటే: "ఆ యేడు మా బర్రె వట్టిపోయిందిరా." అందుకే నన్ను తాలీంల చేర్పియ్యాలనుకోంగనె బాపు ముందు బర్రెను కొన్నడు, లంగోటీ గుడ్డ తర్వాత కొన్నడు.

ఆ దినం నుంచి మా ఇంట్ల పాలల్ల అక్క వంతు తగ్గింది. అంతకుముందు, బర్రె లేనప్పుడు, వాడికె పాలు తెచ్చుకుని ఇద్దరం సమానంగ చెరొక గిలాస తాగేటోళ్లం. సొంత బర్రె వచ్చినంక అక్కకు సగం గిలాస అయ్యింది. వానకాలంల కుంపటి మీద కాల్చిన మక్క కంకులల్ల గింజ నిండినయి నాకు, సొట్టపోయినయి అక్కకు. సలికాలంల సకినాలు ఇద్దరికీ ఒక్కతీరె పెట్టినా, నా తళెల వెన్నముద్ద ఉండేది. అవ్వ, అంటె మా అమ్మ, బాదంపప్పులు నానబెట్టి నాకు పొట్టు వలిచి పెడితె, అక్క ఆ పొట్టును ఏరుకుని తినుకుంట, "బలమంత పొట్టులనే ఉంటదట, మీకెవ్వలికి తెల్వది" అని నవ్వేది. నేను గూడ నవ్వేటోణ్ని, నోట్లె బాదంపప్పు పెట్టుకుని.

పొద్దుగూకంగ దండీలు, బస్కీలు తీసినంక వెంటనె పాలు తాగాలె, అప్పుడే ఒంటికి పడ్తయని బాపు హుకుం. ఆ పాలు ఇత్తడి చెంబుల మోసుకొచ్చే పని అక్కది. ఆడపిల్లలు తాలీం గడప తొక్కద్దు గనుక, నా కంటె రెండేండ్లు పెద్దదైన అక్క బయట మొండిగోడ మీద కూర్చునేది. ఒడిల చెంబు, చెంబు మీద ఈగలు వాలకుండ మోదుగాకు. నా కసరత్తు అయ్యేదాక ఆ పాలను కావలి కాసుడే ఆమె పని. చేతులు ఖాళీ లేవు గని కండ్లు ఖాళీగనే ఉన్నయి. లోపల ఉస్తాద్ చెప్పేదంత ఆ కండ్లు చూసుకుంట కూర్చున్నయి.

మా గణపత్ ఉస్తాద్ పెన్‌గంగ అవతలి మహారాష్ట్ర నుంచి వచ్చినోడు. పొట్టిగ, సన్నగ, ఎండిన చింతబరిగె లెక్క ఉండేది మనిషి. మొదటి దినం ఆయన్ను చూసి ఈయనేం ఉస్తాదని లోలోపల నవ్వుకున్న. తర్వాత నలుగురం కలిసి నూకినా ఇంచు జరుగలే. "అరే బాబా, తాకద్ ఎద్దుకు గూడ ఉంటది. నాగలి ఎవని చేతిల ఉన్నదో జర చూడు" అనేటోడు. కుస్తీ పట్టును ఆయన 'దావు' అనేది. దావు చెప్పేటప్పుడు నేను మూలకు పోయి ముద్గరం తిప్పుకుంట ఉండేటోణ్ని. మాటలతోని జబ్బలు పెరుగయి గద!

ఒక ఎండకాలం బర్రెను తోలుకుని వాగుకు పోయినం. నీళ్లు ఎండిపోయి వాగంత ఇసుక పరుచుకుని ఉండె. అక్క ఇసుకల చెలిమె తోడుకుంట, ఊరుతున్న నీళ్లను దోసిట్ల పట్టుకుంట ఉన్నది. నాకు తిన్న బాదంపప్పులన్ని జబ్బలల్లకొచ్చి కూర్చున్నట్టనిపించింది.

"అక్కా, నన్ను నూకు సూద్దాం. గుట్ట లెక్క నిలవడ్త."

"నేనెందుకు నూకుడు? నువ్వే నూకు."

నూకిన. ఆ తర్వాత నాకు ఆకాశం కనిపించింది. ఒక మబ్బు తునక గూడ లేదు, మస్తు సాఫ్‌గ ఉన్నది. బర్రె మేత ఆపి నా దిక్కే చూస్తుంది.

"తొండి! ఏం చేసినవే?"

"నేనేం చెయ్యలే. నువ్వు నూకుతుంటె జర పక్కకు జరిగి, నువ్వు పోయే దిక్కే నిన్ను గుంజిన, కాలు అడ్డం పెట్టిన. మిగిలిందంత నువ్వే చేసుకున్నవు. ఉస్తాద్ రోజూ మొత్తుకునే దావే గద! నీ చెవులల్ల గూడ పాలు పోసుకున్నవా?"

నేర్పిస్త రా అన్నది. ఆడపిల్ల దగ్గర కుస్తీ నేర్చుకుంటె ఇజ్జత్ పోతదని నేను బర్రెను తోలుకుని ముందే ఇంటికొచ్చిన.

ఆ యేడు జాతరల నా మొదటి కుస్తీ. మా దిక్కు జాతర కుస్తీలు కొబ్బరికాయతోని మొదలై వెండి కడియంతోని ఖతమైతయి. పిల్లల జోడు గెలిచినోనికి కొబ్బరికాయ. డప్పులు మోగుతున్నయి, మిర్చి బజ్జీల నూనె వాసన, బెండు బత్తాసల దుకాణాలు, బాపు భుజం మీద తువ్వాల, జనంల ఎక్కడనో అవ్వ చెయ్యి పట్టుకుని అక్క. నాకు జోడు పడ్డ పిల్లగాడు గొర్లు కాసేటోళ్ల కొడుకు. బొక్కలు బయటికి కనిపిస్తున్నయి. పాపం వీనికి దెబ్బ తగులకుండ పడగొట్టాలె అని గూడ అనుకున్న. డప్పు కొట్టంగనె పోయి నూకిన. వాడు జర పక్కకు జరిగిండు. మళ్ల ఆకాశం. ఈసారి దాన్ని గుర్తుపట్టిన. వాగుల చూసిన ఆకాశమే.

ఇంటికొచ్చినంక బాపు భుజం మీది తువ్వాల తీసి దండేనికేసిండు. "పోరడు మంచిగనే నూకిండు. దమ్ము సాలలే. పాలు సాల్తలెవ్వు" అన్నడు.

అవ్వ పాలగిన్నె దిక్కు చూసింది. అక్క నా దిక్కు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ తెలుసు. పాలు తక్కువై ఓడిపోలే బాపూ, దావు నేర్చుకోక ఓడిపోయిన అని నేనొక్క మాట అంటె సాలు, అక్క గిలాస అక్కకు నిండుగ వస్తది. నాకు ఆ సంగతి పక్కాగ తెలుసు. గని అప్పటికే అవ్వ నా చేతికి చెంబు ఇచ్చింది. పాలు మీగడతోని, పటికబెల్లంతోని గోరువెచ్చగ ఉన్నయి. నోరు నిండ పాలుంటె మాటెట్ల వస్తది?

తెల్లారి నుంచి అక్క సగం గిలాస గూడ బందయింది. గిన్నెల నీళ్లు పోసి, తిప్పి, ఆ తెల్లనీళ్లను అవ్వ అక్కకిచ్చేది. అక్క తాగి, మూతి తుడుచుకుని, నా చెంబు ఎత్తుకుని తాలీంకు నడిచేది.

ఆ బతుకమ్మ పండుగకు తంగెడు పూలు, గునుగు పూలు నేనే తెంపుకొచ్చిన. సద్దుల నాడు ఆడోళ్లంత చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటె, ఆ గుండ్రంల నుంచి అక్క ఒక్కసారి కూలబడ్డది. దవాఖానల నర్సమ్మ అక్క కనురెప్ప కిందికి గుంజి చూసి, రక్తం లేదన్నది. "ఇంట్ల పాలున్నయా?" అని అడిగింది.

"బర్రెనే ఉన్నది బిడ్డా" అన్నది అవ్వ, చిన్న గొంతుతోని.

ఆ రాత్రి అవ్వ గిలాస నిండ పాలు పోసి అక్క ముందర పెట్టింది. అక్క చేతితోని పక్కకు నూకింది. "నాకు పాలవాసన పడదే అవ్వా." అవ్వ రెండు మూడు సార్లు బతిలాడింది. పాలు చల్లారినంక గిలాస నా దిక్కు జరిపింది. ఆ పాలు గూడ నేనే తాగిన. ఇది రాయకుంటె ఇప్పటిదాక రాసిందంత అబద్ధమైతది.

నాకు కొబ్బరికాయ ఎన్నడూ రాలే. ఉస్తాద్ తన ఊరికి పోయిండు, రేకుల షెడ్డు పడిపోయింది, నేను ఫైళ్లు మోసే నౌకరిల పడ్డ. ముద్గరం కంటె అవే బరువు. అక్కను కాగజ్‌నగర్ ఇచ్చిన్రు. ఇద్దరు పిల్లలను కన్నది, జిందగంత నల్లచాయ తాగింది. వాసన పడదు అనే మాట అందరూ నమ్మిన్రు. అక్క గూడ నమ్మిందేమో. నేనొక్కణ్ని నమ్మలే.

తాలీం జాగల ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమున్నది. క్వార్టర్ల వెనక కొట్టాలు లేవు, బర్రెలు లేవు, వాగుల చెలిమె తోడేంత ఇసుక గూడ మిగలలే. మిగిలింది అవ్వ సామాన్లల్ల నా వంతుకొచ్చిన ఇత్తడి చెంబు. అక్కకు ఎముకలు బెండు తీరుగ గుల్లబారినయి, పాలు తప్పకుండ తాగాలె అని డాక్టర్ చెప్పినప్పటి నుంచి రోజూ పొద్దున ఆ చెంబుల పాలు కాచి తెస్తున్న. అక్క రోజూ నూకేస్తుంది. నేను బతిలాడుత, కోప్పడుత, డాక్టర్ పేరు చెప్పుత. మొత్తానికి రోజూ ఓడిపోత.

ఇయ్యాల మనవడు సీస ఊపుకుంట బయటికి పోయినంక మళ్ల తెచ్చిన.

"వద్దన్న గదరా, వాసన పడదని." చేతితోని నూకింది.

ఇయ్యాల నేను ఎదురు నూకలే. అక్క నూకిన దిక్కే పోయిన. "సరే తియ్. పారబోసుడెందుకు, నేనే తాగుత" అని చెంబు నా మూతి దగ్గర పెట్టుకున్న.

"ఆగు!"

తుంటి విరిగిన మనిషి చెయ్యి అంత జోరుగ వస్తదనుకోలే. చెంబు గుంజుకుంది. "ఇంకెన్ని తాగుతవురా? జన్మంత నువ్వే తాగితివి!" అని, ఆ కోపంల ఎత్తి, గుటగుట అడుగుదాక తాగేసింది. తాగినంక, మూతి మీద తెల్లటి మీసంతోని, చెంబు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"చిత్ చేసినవు గదరా నన్ను! ఎక్కడ నేర్చినవీ దావు?"

"వాగుల," అన్న.

అక్క నవ్వింది, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. నేను ఖాళీ చెంబు తీసుకుని వంటింట్లకు పోయి, ఇన్ని నీళ్లు పోసి తిప్పి, ఆ తెల్లనీళ్లు నిలబడే తాగిన. వాటికి ఏ రుచీ లేదు. ఆ సంగతి అక్క ఎన్నడూ చెప్పలే.