బంద్ నాడు సెల్లుల ఆకలి

హైటెక్ సిటీ దగ్గర ఉద్యోగమంటే చాలు, ఆ రోజుల్లో ఎవరైనా "ఏ లాంగ్వేజ్‌లో కోడింగండీ?" అని అడిగేవారు. "నాది నాన్-కోడింగండీ" అనేవాణ్ణి. పాపం, ఉద్యోగం ఊడబోయే రకం అనుకుని ఇంకేమీ అడిగేవారు కాదు.

నిజానికి నేను పనిచేసింది నాన్-కోడింగ్ ఆర్ఎన్ఏ మీద. కణంలో ఫలానా ప్రోటీను తయారుచేయమని ఒక రకం ఆర్ఎన్ఏ చీటీ పట్టుకెళ్తుంది. ఏ చీటీ మోయని బుల్లి ఆర్ఎన్ఏలు కొన్ని ఉంటాయి. అవి వెళ్లి ఆ చీటీకి అతుక్కుని పని ఆపేస్తాయి. ఇన్సులిన్ చేసే కణాల్లో అలాంటిదొకటి మితిమీరితే ఇన్సులిన్ తగ్గుతోందా, దాన్ని అణిస్తే పెరుగుతుందా అని చూడటం మా పని. ఎలుక నుంచి వచ్చిన ఆ కణాల్ని ల్యాబులో సీసాల్లో పెంచేవాళ్లం, సెల్లులని పిలిచేవాళ్లం.

వాటికి పోషక ద్రవం మార్చాల్సిన రోజే తెలంగాణ బంద్ వచ్చిపడింది. వంతు నాది. మార్చకపోతే నెలల తరబడి పెంచినవన్నీ చస్తాయి. రైళ్లు లేవు, ఆటోలు లేవు. హఫీజ్‌పేట్‌లోని అద్దెగది నుంచి కొండాపూర్ వైపు నడక మొదలుపెట్టాను.

దారిలో రోడ్డుకడ్డంగా వంటావార్పు. రాళ్లపొయ్యి మీద గుండిగలో బగారా అన్నం ఉడుకుతోంది. గులాబీ కండువా ఆయనొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికన్నా?"

"సెల్లులకి తిండి పెట్టాలండి."

నాలుక మీద నుంచి గోదావరి ఎప్పుడూ దిగదు. ఆ 'అండి' విని నలుగురూ మొహాలు చూసుకున్నారు.

"సెల్లుకు తిండేందే? చార్జింగ్ పెట్టాల్నా?"

అందరూ నవ్వారు. నేను కంగారులో పాఠమంతా అప్పజెప్పాను: షుగరు, ఇన్సులిన్, చీటీ, దానికి అడ్డంపడే బుల్లి ఆర్ఎన్ఏ.

"అంటే గది గూడ రాస్తారోకో జేస్తదన్నట్టు!" అన్నాడు కండువాయన.

"సరిగ్గా అంతేనండీ!" శిష్యుడి చురుకుదనానికి మురిసిపోయాను. "మేం దాన్ని అణిచేస్తాం."

గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏందీ? రాస్తారోకోను అణుస్తవా?"

అక్కడితో నా నోటికి బంద్ ప్రకటించాల్సింది. "అది కాదండీ, ద్రవం గులాబీ రంగులో ఉన్నంతసేపే సెల్లులు క్షేమం. పసుపుపచ్చకి తిరిగిందా, చచ్చాయన్నమాటే!"

ఆ రెండు రంగులకీ ఊళ్లో జెండాలున్నాయనీ, నేను ఏ జెండాల మధ్య నిలబడ్డాననీ ఈలలు మొదలయ్యాక గాని తట్టలేదు. "సైన్సు గూడ మన దిక్కే ఉందిరా!" అని ఎవరో అరిచారు. కండువాయన భుజం మీద చరిచిన చరుపుకి నా కళ్లజోడు ముక్కు దిగింది. నా పరిశోధనకి అంత స్పందన ఏ సెమినార్లోనూ రాలేదు.

గరిటె పట్టుకున్న పెద్దామె మాత్రం నవ్వలేదు. "నాకు గూడ షుగరే బిడ్డా. పొద్దుగాల సూది ఏసుకునే వచ్చిన. సెల్లులకు ఆకలైతే నీకు గాదా? తిని పో." విస్తరి చేతిలో పెట్టింది. సెల్లులు ఎదురుచూస్తున్నాయని నిలబడే, నోరు కాల్చుకుంటూ తిన్నాను.

ల్యాబులో సీసా తీసేసరికి ద్రవం నారింజ రంగులో ఉంది. కాషాయమంటే అది మళ్లీ ఇంకో జెండా, నారింజ అనే రాస్తాను. మైక్రోస్కోపులో చూస్తే సెల్లులు సీసా అడుగుని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. వెంటనే కొత్త ద్రవం పోశాను.

తిరిగొస్తుంటే పెద్దామె గుండిగ తోముతోంది.

"బతికినయా?"

"బతికాయమ్మా."

"మరి నా సూది బందైతదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఇప్పట్లో కాదమ్మా. ముందు అర్థం కావాలి, మందు ఆ తర్వాత."

"గంతేనా!" గుండిగ బోర్లించింది. "మేం గూడ ఏండ్ల సంది కొట్లాడుతనే ఉన్నం. ఫికర్ జేయకు. వచ్చే బందుకు గూడ గీ దారినే రా బిడ్డా, తినిపోదువు."