మూడంతస్తుల అనుమానం

"...అందులో ఏమీ లేదు అంకుల్, వట్టి రంగులు!"

"ఏమీ లేని బొమ్మకి ఇంత పెద్ద గుడ్డ కాహే, ఎందుకు? ఏదో దాచినావు బేటీ."

ఫిజీ రాజధాని సువాలోని ఆ మూడంతస్తుల ఫ్లాట్ల మెట్ల దగ్గర ఈ గొడవ సోమవారం మొదలైంది. అప్పల్ సామికి ఉన్న జబ్బు ఒక్కటే, అనుమానం. రేవులో ముప్పయ్యేళ్ళు కస్టమ్స్ ఉద్యోగం చేసి, వచ్చిన ప్రతి పెట్టె అడుగూ తట్టి చూసిన మనిషి. రిటైరయ్యాక పెట్టెలు లేక పుచ్చకాయలు తట్టేవాడు. గుడిలో ప్రసాదం చేతినిండా పెడితే, "ఇవాళ ఇంత పెట్టినారు, కాహే?" అని పూజారిని నిలదీసేవాడు.

బొమ్మలు వేసే కామినికి ఈ మెట్ల గోడలు మొట్టమొదటి పెద్ద పని. అంతస్తుకొకటి చొప్పున గుడ్డమీద వేసిన మూడు చిత్రాలు. వాటిలో మనుషులుండరు, చెట్లుండవు. మెట్లెక్కేవారి వెంట సముద్రం కూడా ఎక్కివస్తున్నట్టు మూడింటా నీలమే వేసింది. ఆదివారం నివాసుల కమిటీ ఒప్పుకుంటేనే అవి గోడమీద ఉంటాయి. ఆ కమిటీకి సెక్రటరీ సామి.

మంగళవారం మళ్ళీ వచ్చాడు.

"మూడూ ఒకటే రంగు. దొంగ ఒకటి ఎత్తుకుపోయి ఇంకోటి పెడితే మనకెట్లా తెలుస్తాది?"

"ఎత్తుకుపోయేవాడు ఇంకోటి ఎందుకు పెడతాడు అంకుల్?"

"అదే నా అనుమానం కూడా."

కామిని పళ్ళు నూరుకుంటూ మొదటి అంతస్తు పసుపు, రెండోది ఎరుపు చేసింది. బుధవారం ఆయనకు అదీ చాలలేదు. "రంగు దొంగ కూడా కలుపుతాడు. దళసరిగా పుయ్యి. తడిమితే తెలియాల." గురువారం, "అంత పైన కాదు, నడుము ఎత్తున. మెట్లెక్కితే కుడిచేతి పక్కన."

చెప్పినవన్నీ చేస్తూనే కామినికీ అనుమానం అంటుకుంది. ఈయనకు తెలిసిన చిత్రకారుడు ఇంకెవరో ఉన్నాడు. తన బొమ్మలు చెడగొట్టి ఆ పని వాడికి ఇప్పిస్తాడు!

శుక్రవారం మెట్ల మలుపులో నక్కి చూసింది. సామి రెండో అంతస్తులో అటూ ఇటూ చూసి, బిజయ్ వాకిట్లో ఉన్న ఆడవాళ్ళ చెప్పులజత చొక్కా కింద దోపుకుని పైకి ఎక్కాడు. ఆమె వెంటపడింది. ఆయన మూడో అంతస్తులో ముసలి నాగమ్మ తలుపు ముందు ఆ చెప్పులు జతగా సర్దుతున్నాడు.

"దొరికినారు అంకుల్! ఎవరివవి?"

"అరే, మెల్లిగా! నాగమ్మక్కవే. అక్కకి కళ్ళు మసక. బిజయ్ గడప తనదనుకుని చెప్పులు విడుస్తాది. తాళం తిరగకపోతే సిగ్గుపడి ఉట్టికాళ్ళతో పైకి వస్తాది. ఈ సంగతి తెలిస్తే ఆమె తమ్ముడు దూరంగా లౌతోకా ఊరికి తీసుకుపోతాడు. ఆమె ఈ ఇల్లు విడిచి పోను అంటాది."

"నాతో ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు ఇంకొకరికి చెప్పవని నాకేమి నమ్మకం?"

శనివారం నాగమ్మ కూరల సంచితో మెట్లెక్కింది. రెండో అంతస్తులో కుడిచెయ్యి ఎర్రరంగు గడ్డలకు తగిలింది. "ఇది కాదు," అని తనలో తాను అనుకుని ఇంకా పైకి వెళ్ళింది. నీలంరంగు అలలను తడిమి, తన వాకిట్లోనే చెప్పులు విడిచింది. కింద మెట్లమీద సామీ కామినీ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఆదివారం, వేరు నూరి కలిపిన యంగోనా పానీయం గిన్నె చుట్టూ కమిటీ కూర్చుంది.

"ఈ గడ్డలేంటి, పుండ్లలాగా?" అంది బసంతి. "దుమ్మంతా పట్టేస్తాది. గీకించండి, లేకపోతే తీసెయ్యండి."

"నాకూ మెత్తటి నీలమే నచ్చింది," అన్నాడు బిజయ్. "నువ్వేమంటావు కామినీ? ఎందుకు మార్చినావు?"

సామి ఆమెను కస్టమ్స్ చూపు చూశాడు. నాగమ్మ చాప అంచున కూర్చుని వింటోంది.

"నాకట్లా తోచింది," అంది కామిని. "గీకితే ఇవి బొమ్మలు కావు. వద్దంటే పట్టుకుపోతాను."

సామి యంగోనా కొబ్బరిచిప్ప ఎత్తి ఒక్క గుక్కలో తాగి, ఆనవాయితీగా మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"బొమ్మలు గోడమీదే ఉంటాయి," అన్నాడు. "దుమ్ము రోజూ నేను తుడుస్తాను."