సైలెన్సర్‌లోంచి పడే మంచినీళ్లు

మా మేనత్త పోయింది. వాకాడు వైపు సముద్రం ఒడ్డునున్న మా పల్లె నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అత్త మనకు లేదక్కా" అన్నప్పుడు నేను వెంకటాచలం దగ్గర మా కాలేజీ షెడ్డులో ఉన్నాను. ఎదురుగా నేను పాఠాలు చెప్పే పిల్లలూ నేనూ కలిసి కట్టిన హైడ్రోజన్ మోటార్‌సైకిల్. దాని మీద అత్తను ఎక్కించుకుని తిప్పుతానని మాటిచ్చాను. ఆ మాట అలాగే ఉండిపోయింది.

మా పల్లెలో మోపెడ్ నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. పడవలు ఒడ్డుకు రాగానే చేపల బుట్ట వెనక కట్టుకుని ఊళ్ల మీద పడేది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే పాత బండి అది. స్టార్ట్ చేస్తే వీధి వీధంతా తెల్లటి పొగ. "పొగ ముందొస్తాది, నేను వెనకొస్తాను. చేపలో అని అరిచే పనేముంది?" అని నవ్వేది. ఏళ్లు గడిచాక ఆ నవ్వు మధ్యలోనే దగ్గు తగులుకునేది. డాక్టరు పొగకు దూరంగా ఉండమన్నాడు. ఉంటే బుట్ట ఎవరు మోస్తారు?

మా ఒడ్డున బతికినవాళ్లకు తెలుసు, ఉప్పుగాలి ఇనుమును ఎలా తినేస్తుందో. సాయంత్రం అయ్యేసరికి బండిని మంచినీళ్లతో కడగాల్సిందే. మా బోరు నీళ్లేమో ఉప్పన. కుళాయి దగ్గర కొట్లాడి తెచ్చిన కడవల్లో ఒకటి మోపెడ్‌కని పక్కన పెట్టేది అత్త. "నాకు స్నానం లేకపోయినా ఏం గాదు. దీనికి లేకపోతే రేపు నన్ను మొయ్యదు" అనేది.

కొత్త బండి సంగతి ఆవిడకు చెప్పిన రోజు బాగా గుర్తుంది. ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్ గాలితో కలిసి కరెంటు పుడుతుందనీ, పొగ బదులు నీళ్లు వస్తాయనీ చెప్పాను.

"ఉప్పునీళ్లా, మంచినీళ్లా?"

"మంచినీళ్లే అత్తా."

"అబ్బో! అయితే దాన్ని కడిగే నీళ్లు అదే తెచ్చుకుంటాదన్నమాట!"

ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత, ఆ గ్యాసు యాడ్నుంచి వస్తాదమ్మే అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. సహజవాయువు నుంచి తీస్తే అక్కడ కార్బన్ గాలిలో కలుస్తుంది. నీళ్లను కరెంటుతో విడగొట్టి తీయొచ్చు గానీ, ఆ కరెంటు బొగ్గుదైతే పొగ చోటు మారుతుందంతే. ఎండదో గాలిదో అయితే మేలే. అప్పుడు కూడా గ్యాసు చేసి, ఒత్తిపట్టి నింపేలోగా కరెంటు చాలా వృథా అవుతుంది, అదే కరెంటుతో బ్యాటరీ బండి ఇంకా దూరం పోతుంది. కాకపోతే ఇది గంటలకొద్దీ చార్జింగ్ పెట్టనక్కర్లేదు, నిమిషాల్లో నిండుతుంది.

"ఇంకొకరి వీధిలో పొగ లేస్తే వాళ్లకూ దగ్గొస్తాది గదా, పాపం" అంది. మళ్లీ తనే, "అయినా ఒక్కసారి ఎక్కించమ్మే. పొగ లేని బండి మీద గాలి ఎట్టుంటాదో చూడాల" అంది.

ఉతికిన చీర కట్టుకుని, బస్సెక్కి మా కాలేజీకి వచ్చింది. ఆ రోజే హైడ్రోజన్ సిలిండర్ రాలేదు. హైడ్రోజన్ నింపే చోటు మా దగ్గర్లో ఎక్కడా లేదు, దూరం నుంచి డీజిల్ లారీ మోసుకురావాలి. దారిలో ఆ లారీ చెడిపోయింది. ఉక్రోషంతో నాకు కన్నీళ్లొచ్చాయి. అత్త మాత్రం ఆగి ఉన్న బండెక్కి కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, నోటితో "డుర్ర్" అంది. అంతలోనే నాలుక కరుచుకుని, "దీనికి డుర్రు లేదు గదా" అని మూతి బిగించి కూర్చుంది. దిగేటప్పుడు సైలెన్సర్ తడిమింది. వేలికి మసి అంటలేదు. అయినా అలవాటుగా కొంగుకు తుడుచుకుంది.

"గ్యాసొచ్చినాక చెప్పు, మళ్లీ వస్తా."

కర్మకాండలన్నీ అయ్యాక వచ్చింది ఆ సిలిండర్. బండి చప్పుడు లేకుండా కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం వెనక సీటు ఖాళీగా ఉండటమే తెలుస్తూ వచ్చింది. ఆ లారీ ఆ రోజు వచ్చి ఉంటే ఏం పోయేది!

బండి ఆపి, సైలెన్సర్ కింద చెంబు పెట్టాను. గోరువెచ్చని నీళ్లు అడుగున కాసిని చేరాయి. వాటిని సీసాలో పోసుకుని పల్లెకు వెళ్లాను. గుమ్మం పక్కన మోపెడ్ ఉంది. అత్త పోయినప్పటి నుంచి ఎవరూ కడగలేదు, ఒళ్లంతా ఉప్పు పేరుకుంది. సీసా వంచాను. హ్యాండిల్ మీద, అత్త చెయ్యి ఉండే చోట, ఉప్పు కరిగి నల్లటి గీత ఒకటి తేలింది. అంతలోనే నీళ్లు అయిపోయాయి.