ఉత్తరపు గోడ మీద వెచ్చని మరక

"మీరైతే కొంటారా?"

ఈ ప్రశ్న లూబా స్టెఫన్యుక్‌ని అడగని వాళ్ళు లేరు. కెనడాలోని విన్నిపెగ్‌ నగరంలో ఇల్లు కొనబోయేవాళ్ళు ముందుగా ఆమెను పిలిచి తనిఖీ చేయించుకుంటారు. ఆమె పైకప్పు ఎక్కుతుంది, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పుతుంది, చూసింది చూసినట్టు రాసిస్తుంది. ఆ ప్రశ్నకు మాత్రం జవాబివ్వదు. "ఉండేది మీరు, నేను కాదు. పైపు కారుతోంది, అంతవరకే నాకు తెలుసు" అంటుంది.

ఇలాంటి వాళ్ళను ఇంటి నాడి పట్టగల మనుషులని పొగడడం ఆనవాయితీ. లూబాకి ఇళ్ళంటే ఏ మమకారమూ లేదు. మోకాళ్ళ నొప్పులున్నాయి, నోరు దురుసు. దయ్యాల మాటెత్తితే, చప్పుడు చేసేవి అవేనని అటక మీద ఉడతల కోసం వెతుకుతుంది.

ఆ జనవరిలో మారిసెల్ డుమలావ్ అనే ఆవిడ కోసం ఒక ఫ్లాట్ చూడాల్సి వచ్చింది. మారిసెల్ వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తుంది. అద్దె ఇంటి గడువు నెలాఖరుతో సరి. కొత్త ఫ్లాట్ బేరం వదులుకోవాలంటే ఆ సాయంత్రమే ఆఖరు. అది దాటితే తొమ్మిదేళ్ళ పొదుపూ ఆ గోడల పాలే.

పాత ఇటుక భవనం, మూడో అంతస్తు, నెలల తరబడి ఖాళీ. బయట సున్నాకు ముప్పై డిగ్రీల కింద చలి. లూబా ఒక్కతే లోపలికి వెళ్ళి, చలి ఎక్కడ దూరుతోందో చూపించే కెమెరా తీసింది. అందులో చల్లని చోటు నీలంగా, వెచ్చని చోటు పసుపుగా కనిపిస్తుంది. పడకగది ఉత్తరపు గోడంతా నీలం. నడుమ ఒక పసుపు మరక. నడుము, వీపు, భుజాలు, తల. ఎవరో గోడకు ఆనుకుని కూర్చుని ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

అల్మరా తెరిచింది, స్నానాలగది చూసింది. ఎవరూ లేరు. ఆ గోడలో పైపుల్లేవు, తీగల్లేవు. దాని అవతల ఉన్నది గాలే. తనూ కాస్త ఎడంగా కూర్చుని, వీపు ఆనించి, లేచి చూసింది. ఆమె వీపు వదిలిన మరక చూస్తూండగానే కరిగిపోయింది. మొదటిది కరగలేదు. వంటగది కుళాయిలు చూసుకుని తిరిగి వచ్చేసరికి అది జరిగి ఉంది, ఆమె కూర్చున్న చోటికి భుజం తగిలేంత దగ్గరగా.

ఫొటో తీసింది. ఫొటోలో వట్టి నీలం గోడ.

అంతలో బేరం కుదిర్చిన గార్త్ పెనర్, మారిసెల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏం లూబా, ఈసారైనా నా బేరాన్ని బతకనిస్తావా?"

"కిటికీ సందుల్లోంచి గాలొస్తోంది. ఇంకేం లోపాల్లేవు. రాసేశాను."

మారిసెల్ తిన్నగా ఆ గోడ దగ్గరికే వెళ్ళి అరచేయి ఆనించింది. "ఇక్కడ మా బాల యేసు బొమ్మకి చిన్న అర బిగిస్తాను. అబ్బ, ఎంత వెచ్చగా ఉందో!"

"చూశారా! ఎండ బాగా తగిలే ఇల్లు" అన్నాడు గార్త్.

"అది ఉత్తరం గోడ, గార్త్."

"దిక్కులు చెప్పే కెమెరా కూడా కొన్నావా తల్లీ?"

మారిసెల్ నవ్వింది గానీ చేయి తీయలేదు. "మేడమ్, మీరైతే కొంటారా?"

"కొనను."

"ఎందుకని?"

"చూపించడానికి నా దగ్గరేమీ లేదు. కొనను, అంతే."

గార్త్ మొహం ఎర్రబడింది. "మతి పోయిందా నీకు? లోపం లేదని రాసింది నువ్వే కదా!"

"రాశాను. ఆవిడ అడిగింది అది కాదు."

మారిసెల్ చేతిని మెల్లగా వెనక్కి లాక్కుని కోటు జేబులో పెట్టుకుంది. సాయంత్రానికి బేరం వదులుకుంది.

ఇందులో లూబా గొప్పతనమేమీ లేదు. ఆధారం లేని మాట చెప్పి ఒక మనిషికి గూడు తప్పించింది. ఆమె వృత్తిలో అది తప్పే. గార్త్ మళ్ళీ ఆమెకు పని పంపలేదు. మారిసెల్ పాత ఇంట్లోనే, పెంచిన అద్దెకి ఉండిపోయింది. ఆ ఫ్లాట్‌ని తనిఖీ అక్కర్లేదన్న దంపతులెవరో కొనుక్కున్నారు. అక్కడ కుళాయి బాగుచేసి వచ్చినతను, వాళ్ళు మంచం ముందుగదిలో వేసుకున్నారని లూబాకి చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు.

తనిఖీకి ఒప్పుకున్న ఐదు వందల డాలర్లలో మూడు వందలు ముందే అందాయి. మిగతా రెండు వందలు మారిసెల్ ఇంకా ఇవ్వాలి.